హనుమకొండలో ఒక నెల సినిమా, ఒక నెల నాటకం: ప్రదర్శన ఎలా పెట్టాలి

మన దగ్గర హాళ్లకు కొదవ లేదు. కాళోజీ శతజయంతి ఏడాది 2014లో బాలసముద్రంలో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్లకు, 2024 నవంబరు 19న తెరుచుకుంది. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. వరంగల్‌లో పోతన విజ్ఞాన పీఠం ఉంది. కాలేజీల సెమినార్ హాళ్లు, కుల సంఘాల భవనాలు లెక్కలేనన్ని. అయినా ‘వచ్చే నెల ఏం చూపిస్తున్నారు?’ అని అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. మీరూ నలుగురు స్నేహితులూ కలిసి ఆ పని మొదలుపెట్టాలనుకుంటే ఇది మీ కోసం రాశాను. ఒక నెల సినిమా, ఒక నెల నాటకం అన్న లెక్కతో మొదలుపెట్టండి. రెండింటికీ కావాల్సిన ఏర్పాట్లు వేరు, వచ్చే జనం వేరు. రెండు మూడు నెలలు గడిచేసరికి నాటకం చూసే పెద్దవాళ్లు సినిమాకూ, సినిమా చూసే కాలేజీ పిల్లలు నాటకానికీ రావడం మొదలవుతుంది.

ముందుగా తేదీ

తేదీ తప్పితే ఎంత మంచి ప్రదర్శన అయినా ఖాళీ కుర్చీల ముందే జరుగుతుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని మొదట వదిలేయాల్సిన రోజులు కొట్టేయండి. మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు. పిల్లలున్న ఇంట్లో ఎవరూ బయటికి కదలరు. బతుకమ్మ తొమ్మిది రోజులు సాయంత్రం ఆడవాళ్లు ఎవరూ హాలుకు రారు, రమ్మని అడగడం కూడా న్యాయం కాదు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ వారం బస్సులన్నీ అటే వెళ్తాయి, హనుమకొండ బస్టాండులో కాలు పెట్టడానికి చోటుండదు.

తర్వాత పెళ్లి ముహూర్తాలు చూడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. గట్టి ముహూర్తం ఉన్న రోజు మైక్‌సెట్ ఆయన దొరకడు, జనరేటర్ దొరకదు, టెంట్‌హౌస్‌లో కుర్చీలు మిగలవు. దొరికినా కిరాయి పెళ్లి రేటే. అదే మూఢంలోనో ఆషాఢంలోనో అయితే వాళ్లకూ పని తక్కువ కాబట్టి ధర తగ్గిస్తారు. పైగా ఆ రోజు ఇంకో చోటికి పరుగెత్తాల్సిన తొందర ఉండదు గనుక మీ దగ్గర నిలబడి పని చేస్తారు. ఆషాఢంలో ఒక్కటే చిక్కు. రేకుల పైకప్పున్న హాలైతే వాన మొదలవగానే ఒక్క మాట వినిపించదు. స్లాబు ఉన్న హాలు చూసుకోండి.

వారం విషయానికొస్తే నా ఓటు శనివారానికి. ఆదివారం రాత్రి అందరికీ మర్నాటి ఆఫీసు, స్కూలు గుర్తొస్తాయి. సాయంత్రం 6 గంటలకు మొదలై 8:30కి అయిపోయేలా చూడండి. పరకాల, నర్సంపేట, ములుగు, హుస్నాబాద్ వైపు వెళ్లేవాళ్లకు చివరి బస్సు అందాలి. ఆ చివరి బస్సుల టైములు బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర అడిగి రాసుకుని పోస్టరు మీదే వేయించండి. దీనికి ఖర్చేమీ లేదు, జనం మాత్రం పెరుగుతారు.

అనుమతులు: ‘ఫ్రీగానే కదా’ అనుకోవద్దు

టికెట్ పెట్టడం లేదు కాబట్టి ఏ సినిమా అయినా చూపించొచ్చు అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. సినిమాను పదిమందిలో చూపించాలంటే రెండు ఉండాలి. ఒకటి, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ సర్టిఫికెట్. రెండు, హక్కులున్న వాళ్ల అనుమతి. డబ్బులు తీసుకున్నా తీసుకోకపోయినా ఈ రెండూ కావాలి. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన ఓటీటీ చందాతో హాల్లో సినిమా వేయడానికి కుదరదు. డీవీడీ కొన్నా అంతే, అది ఇంటి వరకే.

కాలేజీ లోపల, విద్యార్థులు, అధ్యాపకులు, వాళ్ల తల్లిదండ్రులు మాత్రమే చూసేటట్టు చదువులో భాగంగా వేస్తే 1957 కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. ఊరందరినీ పిలిస్తే ఆ మినహాయింపు వర్తించదు.

మరి సినిమా ఎక్కడి నుంచి తేవాలి? నిర్మాతకు నేరుగా ఉత్తరం రాయండి. చిన్న సినిమాలు, డాక్యుమెంటరీలు తీసినవాళ్లు చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. తమ సినిమా వరంగల్‌లో పెద్ద తెర మీద పడుతుందంటే కొందరు స్వయంగా వస్తారు కూడా. ఉత్తరంలో తేదీ, హాలు పేరు, ఎంతమంది కూర్చుంటారు, టికెట్ ఉందా లేదా అన్నది స్పష్టంగా రాయండి. జవాబు కాగితం మీదో ఈమెయిల్‌లోనో తీసుకోండి. ఫోన్లో ‘సరే వేసుకోండి’ అన్న మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇది ఏళ్ల తరబడి నడపాలని ఉంటే ఫిలిం సొసైటీగా రిజిస్టరు చేయించుకోండి. సత్యజిత్ రే తొలి అధ్యక్షుడిగా 1959లో మొదలైన ఫిలిం సొసైటీల సమాఖ్య ఇప్పటికీ ఉంది. 1964లో పుణెలో పెట్టిన జాతీయ ఫిలిం ఆర్కైవ్ నుంచి సొసైటీలు పాత సినిమాలు తెచ్చుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

సర్టిఫికెట్ మీద ఏ అక్షరం ఉందో చూసి పోస్టరులో వేయండి. 2023 సవరణ తర్వాత యూఏ (పిల్లలకు చూపించాలా వద్దా అన్నది పెద్దలు చూసుకోవాల్సిన సినిమా) మూడు రకాలైంది: 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు దాటినవాళ్లకని. పిల్లల్ని తీసుకురావచ్చా అని మీకొచ్చే ఫోన్లలో సగం దీనితోనే ఆగిపోతాయి.

నాటకానికి లెక్క వేరు. ఔత్సాహిక నాటక సమాజం టికెట్ లేకుండా ప్రదర్శిస్తే రచయిత అనుమతి తప్పనిసరి కాదని అదే కాపీరైట్ చట్టం చెబుతుంది. టికెట్ పెట్టిన క్షణం నుంచి అనుమతి కావాలి. చట్టం అడగకపోయినా రచయిత బతికుంటే ఫోన్ చేసి చెప్పండి. తను రాసిన నాటకం ఇంకో ఊళ్లో ఆడుతున్నారని తెలియకుండా ఉండిపోవడం ఏ రచయితకైనా బాధే. రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. కాళోజీ 2002లో పోయారు కాబట్టి ఆయన కవితల మీద రూపకం కట్టి టికెట్ పెట్టాలంటే 2062 దాకా అడిగి తీరాలి. తిరుపతి వేంకట కవులిద్దరిలో తర్వాత పోయిన చెళ్లపిళ్ల వారు కూడా 1950లోనే పోయారు. వాళ్ల భారత నాటకాలకు ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక రికార్డు చేసిన నాటకం. లండన్ నేషనల్ థియేటర్ 2009 నుంచి తన నాటకాలను సినిమా హాళ్లలో చూపిస్తోంది. మనమూ అలా చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, కానీ రికార్డింగు అయిన మరుక్షణం అది చట్టం దృష్టిలో సినిమా. నాటకానికున్న మినహాయింపు దానికి ఉండదు. రచయిత, నటులు, రికార్డు చేసినవాళ్లు అందరి ఒప్పందం కావాలి. సర్టిఫికెట్ సంగతీ చూసుకోవాలి. నా అభిప్రాయం చెప్పమంటే, రెండు గంటల దారిలో బృందం ఉన్నప్పుడు రికార్డింగు వేయకండి. బస్సు ఖర్చులిచ్చి మనుషుల్నే పిలిపించండి.

హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు

హాలు బుక్ చేసే ముందు చివరి వరుసలో కూర్చోండి. మీ స్నేహితుణ్ని స్టేజీ మీద నిలబెట్టి మైకు లేకుండా మామూలు గొంతుతో పది వాక్యాలు చదవమనండి. మాట మాటకీ వెనక ప్రతిధ్వని వస్తుంటే ఆ హాలు ఖాళీగా ఉన్నందుకు కొంత, గోడలు బోడిగా ఉన్నందుకు కొంత. జనం నిండితే కొంత తగ్గుతుంది. మిగిలింది తగ్గాలంటే పక్క గోడలకు టెంట్‌హౌస్ నుంచి మందపాటి పరదాలు తెచ్చి వేలాడదీయించండి. పెళ్లి పందిరికి వాడేవే చాలు. ఫ్యాన్లు అన్నీ వేసి మళ్లీ వినండి. కొన్ని హాళ్లలో పాత ఫ్యాన్ల చప్పుడే మాటను మింగేస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి మేము ఒక మంచి నాటకం రికార్డింగును కిరాయి హాల్లో వేశాం. బొమ్మ బాగుంది, జనమూ బాగా వచ్చారు. కానీ ఆ రికార్డింగు హాలు చివర పెట్టిన ఒకే కెమెరా మైకుతో తీసింది. నటుల మాటల కంటే ప్రేక్షకుల దగ్గులే ఎక్కువ వినపడ్డాయి. మేము ముందు రోజు లాప్‌టాప్‌లో బొమ్మ మాత్రమే చూసుకున్నాం, చెవులు పెట్టలేదు. ఇరవై నిమిషాలకు సగం హాలు లేచిపోయింది. బయట మెట్ల దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “బొమ్మ కనవడుతుంది బిడ్డా, మాటే ఇనవడ్తలేదు” అంది. ఆ రోజు నుంచి ప్రతి ప్రదర్శనకూ నేను ముందు చూసేది సౌండే.

అందుకే రికార్డింగు వేయక తప్పకపోతే బృందాన్ని ఒక్క ప్రశ్న అడగండి: ‘మిక్సర్ (మైకులన్నీ కలిసే పెట్టె) నుంచి నేరుగా తీసుకున్న సౌండ్ ఉందా?’ ఉంటే తీసుకోండి. లేకపోతే ఆ రికార్డింగు వద్దు.

సినిమా రోజు సామాన్లు

ప్రొజెక్టరు కిరాయికి తెచ్చేటప్పుడు తెర వెడల్పు, ప్రొజెక్టరు ఎంత దూరంలో పెడతారు అన్నవి ముందు కొలుచుకోండి. లెన్సు త్రో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్న సంఖ్య) 1.5 అని ఉంటే, 12 అడుగుల వెడల్పు తెరకు ప్రొజెక్టరు 18 అడుగుల దూరంలో ఉండాలి. చీకటిగా ఉండే హాలుకు, ఆ సైజు తెరకు 4,000 నుంచి 5,000 ల్యూమెన్స్ (ప్రొజెక్టరు వెలుగు కొలత) సరిపోతుంది. కిటికీలు మూయలేని హాలైతే ఎంత పెద్ద ప్రొజెక్టరు తెచ్చినా సాయంత్రం 6 గంటలకు వేసవిలో బొమ్మ వెలవెలబోతుంది. అలాంటి చోట 7 గంటలకు మొదలుపెట్టండి.

నేల చదునుగా ఉన్న హాల్లో తెర అడుగు భాగం నేల నుంచి కనీసం నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. లేకపోతే ముందువాళ్ల తలలు సబ్‌టైటిల్స్‌ను మింగేస్తాయి. వేరే భాష సినిమా వేసినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టరుకు వెళ్లే హెచ్‌డీఎంఐ కేబులు 15 మీటర్లు దాటితే మామూలు తీగలో బొమ్మ తెగిపోతుంటుంది. ఫైబర్ కేబులు అడగండి, లేదా లాప్‌టాప్‌నే ప్రొజెక్టరు దగ్గర పెట్టుకుని సౌండుకు వేరే తీగ లాగండి. స్లీప్ మోడ్ ఆపేయండి, వాట్సాప్ మూసేయండి, ఛార్జరు పెట్టండి. సినిమా ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉండాలి. ఇంటర్నెట్ మీద ఆధారపడి సినిమా వేయకండి.

స్పీకర్లు తెరకు రెండు పక్కలా, స్టాండ్ల మీద, కూర్చున్నవాళ్ల తలల కంటే ఎత్తులో పెట్టించండి. మైక్‌సెట్ అన్నలకు పెళ్లి బరాత్ అలవాటు కాబట్టి బాస్ పెంచి పెడతారు. డైలాగు దానికింద అణిగిపోతుంది. “అన్నా, బాస్ జర తగ్గించు, మాట రావాలె” అని చెప్పి, చివరి వరుసలో కూర్చుని చెయ్యి ఊపుతూ మీరే సరిచేయించండి. పొడవు హాలైతే వెనక కూడా స్పీకర్లు పెడదామంటారు. 100 అడుగులు దాటి రావడానికి ధ్వనికి దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది. ముందు స్పీకరు మాట, వెనక స్పీకరు మాట ఒకేసారి చెవిన పడక ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. వెనక స్పీకర్లకు డిలే పెట్టడం, అంటే వాటి మాటను ఆ కాస్త ఆలస్యం చేయడం తెలిసిన మనిషి ఉంటేనే వాటికి ఒప్పుకోండి.

కరెంటు పోతుందనే అనుకుని ఏర్పాటు చేసుకోండి. జనరేటరు అందుకోవడానికి పట్టే కొద్దిసేపు ప్రొజెక్టరు, లాప్‌టాప్ ఆగకుండా ఒక యూపీఎస్ పెట్టండి. బల్బు ఉండే పాత ప్రొజెక్టర్లు వేడి మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా కరెంటు పోతే బల్బు దెబ్బ తింటుంది, ఆ ఖర్చు మీ మీదే పడుతుంది. జనరేటరును హాలు తలుపుకు దూరంగా, గాలి హాలు మీదుగా వీచి వెళ్లే వైపు పెట్టించండి.

నాటకం రోజు మనుషులు

సినిమాకు మిషన్లు సర్దుకుంటే చాలు. నాటకానికి పది పదిహేను మంది మనుషులు వస్తారు, వాళ్ల ఆకలి, వాళ్ల అలసట అన్నీ మీ బాధ్యతే. మధ్యాహ్నం 2 కల్లా గ్రీన్‌రూమ్ తాళం మీ చేతిలో ఉండాలి. పద్య నాటకమైతే మేకప్‌కే గంటలు పడుతుంది. అద్దాలు, గట్టి వెలుతురిచ్చే బల్బులు, బకెట్ నీళ్లు, ఆడవాళ్లకు వేరే గది, లోపల గడియ ఉన్న బాత్రూమ్ ముందే చూసుకోండి. ఈ చివరిది లేని హాలు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. 4 గంటలకు తేలికపాటి టిఫిన్, చాయ్ పెట్టండి. భోజనం ప్రదర్శన తర్వాతే తింటారు, కాబట్టి అది వేడిగా ఉండాలి. రాత్రి 9 దాటాక చల్లారిన అన్నం పెట్టి పంపితే ఆ బృందం మళ్లీ మీ ఊరి ముఖం చూడదు. పారితోషికం కవరు వాళ్లు బండెక్కక ముందే ఇవ్వండి. ‘రేపు పంపిస్తాం’ అన్న మాట రంగస్థలం మీద బతికేవాళ్లు చాలాసార్లు విన్నారు.

స్టేజీ మైకుల విషయానికి వస్తే, ఫ్లోర్ మైకులు స్టేజీ అంచున నేరుగా చెక్క మీద పెడితే ప్రతి అడుగూ దడదడమని వినిపిస్తుంది. కింద స్పాంజి ముక్క వేయండి. స్పీకర్లు మైకుల కంటే ముందుకు, ప్రేక్షకుల వైపు ఉండాలి. వెనక్కి ఉంటే కీచుమని అరుస్తాయి. కాలర్ మైకులైతే బ్యాటరీలు ఆ రోజు కొన్న కొత్తవే వేయించండి.

చిందు యక్షగానం పిలిస్తే ఇంకో మాట. జనగామ వైపు నుంచి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చాక చాలామందికి ఈ కళ పేరు తెలిసింది, చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఇది రాత్రంతా ఆరుబయట ఆడే ఆట. మీ రెండు గంటల్లో ఇమడాలి కాబట్టి ఏ ఘట్టం ఆడతారో వాళ్లనే ఎంచుకోనివ్వండి, మీరు కత్తిరించకండి. స్టేజీ మీద పరిచిన మందపాటి కార్పెట్ తీసేయించండి. గజ్జె చప్పుడు వినపడకపోతే చిందులో సగం పోయినట్టే. ఆరుబయటే పెడితే ఇంకా మంచిది, కానీ రాత్రి 10 తర్వాత బయట మైకు పెట్టకూడదన్న నిబంధన ఉంది. పోలీస్ స్టేషన్లో ముందే దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోండి.

హాలు నిండి జనం బయట నిలబడితే, బృందం ఒప్పుకుంటే వరండాలో ఒక తెర కట్టి కెమెరా నుంచి లైవ్ ఇవ్వండి. సౌండు మాత్రం కెమెరా మైకు నుంచి తీసుకోవద్దు, మిక్సర్ నుంచే తీయండి.

శాలువాలు, ఉపన్యాసాలు

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. 6 గంటలకు నాటకం అని పిలిచి, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆగి, జ్యోతి వెలిగించి, ఆరుగురికి శాలువాలు కప్పి, ఒక్కొక్కరూ పావుగంట మాట్లాడాక 7:30కి తెర లేస్తుంది. అప్పటికి మేకప్ వేసుకున్న నటుడు రెండు గంటలుగా చెమటలు కక్కుతూ కూర్చుని ఉంటాడు. నర్సంపేట నుంచి వచ్చిన ముసలాయన చివరి బస్సు కోసం మధ్యలోనే లేచిపోతాడు. ఆయన వచ్చింది నాటకం కోసం.

అతిథుల్ని పిలవండి, గౌరవించండి, కానీ ప్రదర్శన అయిపోయాక నటులతో పాటు స్టేజీ మీదికి పిలవండి. ఆహ్వానం ఇచ్చేటప్పుడే, “సార్, సరిగ్గా ఆరింటికి మొదలవుతుంది, సన్మానం తర్వాత పెట్టుకున్నాం” అని చెప్పండి. చాలామంది అర్థం చేసుకుంటారు. మొదట్లో ఒకరిద్దరు నొచ్చుకున్నా, మూడు నెలలు టైముకు మొదలుపెడితే ఊరంతా టైముకు రావడం నేర్చుకుంటుంది.

జనానికి చెప్పడం

వాట్సాప్ గ్రూపుల్లో పోస్టరు వారం ముందు ఒకసారి, ఆ రోజు ఉదయం ఒకసారి చాలు. పత్రికల జిల్లా పేజీల్లో నేటి కార్యక్రమాల కాలమ్ ఇప్పటికీ పెద్దవాళ్లు చదువుతారు, రెండు రోజుల ముందు ప్రెస్‌నోట్ ఇవ్వండి. లైబ్రరీ నోటీసు బోర్డు, కాలేజీ హాస్టళ్లు, తెలుగు టీచర్లను కూడా మర్చిపోవద్దు. పోస్టరులో నిడివి తప్పక రాయండి. ఎంతసేపో తెలిస్తేనే ఇంట్లో ఆడవాళ్లు వంట లెక్క చూసుకుని బయల్దేరగలరు.

అయిపోయాక

దీపాలు వెలిగాక పదిహేను నిమిషాలు మాట్లాడుకునే వీలు పెట్టండి, కూర్చోవాలనుకున్నవాళ్లు కూర్చుంటారు. మైకు స్టేజీ మీద ఉంచకుండా ప్రేక్షకుల మధ్య తిప్పండి. ముందు వరుసల వాళ్లు ఎలాగూ మాట్లాడతారు కాబట్టి చివరి వరుసల నుంచి మొదలుపెట్టండి. బయటికెళ్లే తలుపు దగ్గర ఒక నోటుబుక్కు, పెన్ను పెట్టి పేరు, ఫోన్ నంబరు, ‘వెనక్కి మాట వినిపించిందా?’ అన్న ఒక్క ప్రశ్న రాసి ఉంచండి. ఆ రాత్రే ఖర్చుల లెక్క రాసి గ్రూపులో పెట్టండి. మర్నాటికి వాయిదా వేస్తే కిరాయి రసీదులు పోతాయి. హాలు తాళాలు అప్పగించేటప్పుడే వచ్చే నెల తేదీ అడిగి, అడ్వాన్సు కట్టేసి రండి.